నల్లమల ఎక్కేవాళ్ల నీళ్ల లెక్క

దర్శి, పొదిలి వైపు నుంచి మార్కాపురం దాకా వెళ్లి పడమటికి చూస్తే నల్లమల ఏమంత ఎత్తుగా కనిపించదు. ఆకాశం అంచున నల్లటి గోడలా సాగిపోతుంది. కంభానికి వాయవ్యంగా ఉన్న భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం ఈ వరసలో పెద్ద శిఖరాలు. రెండూ సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లు దాటినవే. ఎత్తుకి గాలి పలచబడి తల తిరగడం, వాంతులవడం లాంటి బాధలు సుమారు 2,500 మీటర్ల పైన గానీ మొదలుకావు. 900 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి పదో వంతు మాత్రమే తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులకి అది లెక్కలోది కాదు. పైగా వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది.

మరి ఈ కొండలెక్కినవాళ్లు ఎందుకంత డీలా పడిపోతారు? రోజూ పొలంలో ఒళ్లు వంచి పనిచేసే మనిషి కూడా నల్లమల ఎక్కుడులో నాలుగు చోట్ల కూలబడతాడెందుకు? కారణం వేడి, నీళ్లు. ఆ రెండూ విడివిడి సంగతులు కావు, ఒకే లెక్కలో జమా ఖర్చులు. ఏడాదిలో సగానికి పైగా వాన చినుకు సరిగా పడని ఈ అడవిలో రాయి, చెట్టు, జంతువు, దారి చూపే చెంచు మనిషి అందరూ ఆ లెక్కనే ఎవరి పద్ధతిలో వాళ్లు చేసుకుంటూ బతుకుతున్నారు. కొండ ఎక్కడానికి వెళ్లినవాడు ఆ ఒక్క రోజుకీ వాళ్లలో చేరతాడు.

పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిరాగల కష్టమైన దారి అంటే నాకు ముందు గుర్తొచ్చేది అహోబిలం ఉగ్రస్తంభం. మన వైపు నుంచి గిద్దలూరు దాటి, దిగువమెట్ట, పచ్చర్ల ఘాట్ మీదుగా నల్లమలకి అవతలి వైపు దిగి, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా చేరుకోవాలి. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట నడక మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి గుహ దాకా చాలావరకు మెట్లుంటాయి. ఆ పైన బండలు పట్టుకుని, చెట్ల వేళ్లు పట్టుకుని ఎగబాకాలి. అక్కడ దారి తెలిసిన స్థానికుడు వెంట లేకపోతే ఏ బండ సందులోంచి పోవాలో కూడా తెలియదు. నల్లమలలో మిగతా చాలా చోట్లకి మన ఇష్టప్రకారం వెళ్లే వీలే లేదు. ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం సుమారు 3,300 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టడం నేరం. దోర్నాల–శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ వాళ్లే బండ్లలో అడవి చూపిస్తారు. కాలినడకన ఏ దారి పట్టినా ఒంట్లో జరిగేది ఒకటే.

డెబ్భై కిలోల మనిషి, అయిదు కిలోల సంచి. ఈ బరువుని అయిదు వందల మీటర్ల ఎత్తుకి చేర్చడానికి కావలసిన శక్తి లెక్కగడితే సుమారు 88 కిలో కేలరీలు. ఒక అరటిపండు ఇచ్చే శక్తి కంటే ఎక్కువ కాదు. కానీ కండరం అంత పొదుపైన యంత్రం కాదు. అది ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతో అయిదో వంతో మాత్రమే పనిగా మారుతుంది. మిగతాదంతా వేడి. అంటే 88 కేలరీల పనికి 350 దాకా ఖర్చు పెట్టి, అందులో 260కి పైగా వేడిగా ఒంట్లోకి వదులుతాం. ఆ వేడి బయటికి పోకపోతే శరీరం ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలకి పైగా పెరిగిపోతుంది. ప్రాణం మీదికి రావడానికి అది చాలు.

బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు వేడిని వదిలించుకునే దారి ఒక్కటే, చెమట. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరైపోతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. అంటే ఆ ఎక్కుడు ఒక్కదానికే అర లీటరు నీళ్లు ఖర్చు. దీనికి మధ్యమధ్యలో చదును నడక, నెత్తిన ఎండ, కింది నుంచి కొట్టే బండల సెగ కలపండి. వేడి రోజున కొండెక్కేవాడికి గంటకి లీటరు చెమట పట్టడం మామూలు విషయం. ఆరు గంటల నడకకి అయిదారు లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు, కాబట్టి తాగడానికి మోసుకెళ్లే నీళ్లు కూడా చెమట పట్టిస్తాయి. ఒంటి బరువులో రెండు శాతం నీళ్లు పోయేసరికి, అంటే డెబ్భై కిలోల మనిషికి లీటరున్నర లోపే, గుండె దడ పెరిగి కాళ్లు మొరాయిస్తాయి. నెత్తురు చిక్కబడి, పరిమాణం తగ్గి, ఉన్న కాస్త నెత్తురునీ ఇటు కాళ్ల కండరాలూ అటు చర్మమూ పంచుకోవలసి వస్తుంది. గుండె ఆ రెంటికీ సర్దలేక వేగం పెంచుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కారి కింద పడిన చెమట ఒంటిని చల్లబరచదు. చర్మం మీదే ఆవిరవ్వాలి. వానలు వెలిసిన కొత్తలో అడవి పచ్చగా చల్లగా ఉంటుందని బయల్దేరేవాళ్లు దెబ్బ తినేది ఇందుకే. చెట్ల కింద గాలి ఆడదు, తేమ నిండి ఉంటుంది. చొక్కా తడిసి ముద్దవుతుంది, చెమట ధారలుగా కారుతుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. నీళ్లు దండగ. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పొడి గాలి, తక్కువ వేడి. ఆ రోజులే మంచివి. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే మన ఎండల్లో పగటిపూట ఈ కొండలెక్కడం మంచి పని కాదు.

రెండోది ఉప్పు. చెమటతో నీరొక్కటే పోదు, సోడియం కూడా పోతుంది. పోయిన నీటికి బదులు ఉత్త నీళ్లే కడుపు నిండా తాగుతూ పోతే నెత్తుర్లో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, అయోమయం వస్తాయి. చూసేవాళ్లకి అది అచ్చం వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకో సీసా నీళ్లు తాగిస్తారు. దాంతో పరిస్థితి ముదురుతుంది. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లం, నిమ్మకాయ ఉప్పు నీళ్లు సంచిలో ఉండాల్సింది అందుకే. మన పెద్దవాళ్లు పొలానికి మజ్జిగ చెంబు పంపడంలో ఉన్న శాస్త్రం ఎంత చెప్పినా తక్కువే.

దారి చూపేవాడు మనకంటే తక్కువ తాగి, తీరికగా నడుస్తున్నట్టు కనిపిస్తాడు. అతని ఒళ్లు వేరే పదార్థంతో చేసింది కాదు. వేడిలో రోజూ శ్రమించే శరీరం పది పద్నాలుగు రోజుల్లో కొన్ని మార్పులు చేసుకుంటుంది. నెత్తుర్లో నీటి భాగం పెరుగుతుంది. ఒళ్లు బాగా వేడెక్కకముందే చెమట మొదలవుతుంది. ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఏసీ గదుల్లోంచి నేరుగా వచ్చినవాడికి ఇవేవీ ఉండవు. నడకలో కూడా అతని తీరు వేరు. మొదటి అరగంటలో వేగం పెంచడు. "అన్నా, ఇంకెంత దూరం?" అని అడిగితే "దగ్గరే సార్, మెల్లగా రండి" అంటాడు. ఆ మెల్లదనంలోనే గుట్టుంది. ఊపిరి అందుతూ, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంలో కండరం గాలిలోని ఆక్సిజన్‌తోనే సరిపెట్టుకుంటుంది. అది దాటితే ఒంట్లో దాచిన పిండిపదార్థాన్ని గబగబా తగలబెట్టి, వేడిని పెంచుతుంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు. చదునులో అయిదు కిలోమీటర్లకి గంట, ఆపైన ప్రతి ఆరు వందల మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. అది చలిదేశపు లెక్క. నల్లమల ఎండలో దానికి సగం మళ్లీ కలుపుకుంటే గానీ సరిపోదు.

ఇప్పుడు కాలి కింది రాయి సంగతి. ఈ కొండల రాళ్ల వయసు నూరు కోట్ల ఏళ్లకి పైమాటే. భూమ్మీద చెట్టు గానీ జంతువు గానీ లేని కాలంలో ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది. ఒడ్డున ఇసుక, లోపల బురద పేరుకున్నాయి. కాలక్రమాన ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అనే ఉక్కులాంటి రాయి అయింది. భూగర్భశాస్త్రవేత్తలు ఇందులో ఒక పొరని మన భైరానికొండ పేరుతోనే పిలుస్తారు. ఉగ్రస్తంభం దారిలో తలెత్తి చూస్తే నిలువుగా చీలి నిలబడ్డ ఎర్రటి బండలు ఈ జాతివే. కొన్ని పలకల మీద నీళ్ల అలలు ఇసుకలో గీసిన గీతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. బురద పొర అణగారి పలకరాయి అయింది. దాని పేరు కంభం పొర.

మార్కాపురంలో పలకరాయి ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని అంచు వైపు చూడండి. సన్నటి రంగు చారలు ఏటవాలుగా కనిపిస్తాయి. అవి ఆనాడు బురద ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలు. కానీ ఉలి పెట్టి కొడితే రాయి ఆ చారల వెంట చీలదు, వాటిని అడ్డంగా కోస్తూ ఇంకో దిక్కున చీలుతుంది. సముద్రం పోయాక తూర్పు నుంచి భూపటలం నెట్టుకొచ్చి ఈ పొరల్ని మడతలు పెట్టింది. ఆ ఒత్తిడికి బురదలోని సన్నటి అభ్రకపు రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా వరస కట్టుకున్నాయి. పలక చీలేది ఆ వరస వెంట. మన పిల్లలు తరతరాలుగా అఆలు దిద్దుకున్న నున్నటి ముఖం కొండ పుట్టినప్పటి ఒత్తిడి గీసిన ముఖం. అంత పెద్ద చరిత్ర అరచేతిలో పడుతుంది.

ఈ రెండు రాళ్ల తేడాలోనే నీటి జాడ దాగుంది. క్వార్ట్‌జైట్ నీళ్లు పీల్చదు, కానీ నిండా బీటలు. వానాకాలంలో శిఖరం మీద కురిసిన నీరు ఆ బీటల్లో పడి కిందికి దిగుతుంది. అడుగున పలకరాయి తగలగానే ఆగిపోతుంది. అది నీళ్లని పోనివ్వదు. ఇక నీరు పక్కకి పారి, రెండు రాళ్లు కలిసే గీత కొండవాలు మీద ఎక్కడ బయటపడితే అక్కడ ఊటగా వస్తుంది. నిలువు బండ కాళ్ల దగ్గరే గుండాలుండటానికీ, ఆ గుండాల దగ్గరే గుళ్లు వెలియడానికీ ఇదే కారణమని నా నమ్మకం. రాచర్ల మండలం అడవిలో నెమలిగుండం రంగనాయకస్వామి, అహోబిలం పైన రక్తకుండం లాంటివి ఇలాంటి చోట్లే. కొండ మొత్తం ఎండిపోయిన మార్చిలో కూడా ఒక చోట నీళ్లుండి, వంద గజాల అవతల ఉండకపోవడం కొత్తవాళ్లకి వింత. దారి తెలిసినవాడికి అది రోజూ చూసే సంగతి.

మడతల కొండల్లో వాగులు వరసల్ని కోసుకుంటూ బయటపడే ఇరుకు సందులుంటాయి. మనం గండ్లు అంటాం. వీటిని మూస్తే చెరువు అవుతుందని మనవాళ్లు అయిదు వందల ఏళ్ల కిందటే కనిపెట్టారు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మని రెండు కొండల మధ్య కట్ట వేసి ఆపిన కంభం చెరువుకి 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడం గుర్తింపు ఇచ్చింది. వెలిగొండ ప్రాజెక్టులో సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లకి కట్టలు వేసి నల్లమల సాగర్ చేయడం కూడా అదే ఉపాయం. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నుంచి కృష్ణ నీళ్లు తేవడానికి తవ్విన రెండు సొరంగాలు, ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్లు, ఈ రాళ్లనే తొలుచుకుంటూ వచ్చాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడుతో కాళ్లు వంకరపోయిన ఊళ్లున్న ప్రాంతం మనది. ఈ నీళ్లు పొలాలకీ ఇళ్లకీ త్వరగా చేరాలి. ఇప్పటికే ఎన్నో తరాలు ఎదురుచూశాయి.

చెట్ల పద్ధతి ఇంకా తెలివైనది. ఆకు గాలి పీల్చుకోవడానికి నోళ్లు తెరిస్తే నీళ్లు పోతాయి. అందుకని జనవరి నుంచి ఒక్కో చెట్టూ దుకాణం కట్టేస్తుంది. ఆకు రాలుస్తుంది. తపసి చెట్టు తెల్లటి నున్నటి బెరడుతో అడవిలో దయ్యంలా నిలబడేది ఆ రోజుల్లోనే. చెంచులు ఏరి గిరిజన సహకార సంస్థకి అమ్మే తపసి జిగురు దాని నుంచే. మోదుగ ఆకు లేకుండా నిప్పురంగు పూలు పూస్తుంది. ఆశ్చర్యపరిచేది దీని తర్వాతి మాట. వాన ఇంకా నెల రోజులుండగానే, మండే ఎండలో, చాలా చెట్లు లేత ఆకు తొడుగుతాయి. ఎక్కడి నీళ్లతో? లోతు వేళ్లతో తోడుకున్నవీ, మానులో దాచుకున్నవీ. తొలకరి పడేనాటికి ఆకు సిద్ధంగా ఉంటే ఒక్క రోజు కూడా వృథా కాదు.

మానులో దాచడం అంటే ఊహ కాదు. అలా నీళ్లు దాచుకునే చెట్టు నల్లమద్ది. దాన్ని గుర్తు పట్టడం తేలిక. బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. 2024 మార్చిలో రంపచోడవరం వైపు పాపికొండల అడవిలో అటవీ అధికారులు ఒక నల్లమద్ది బుడుపు దగ్గర కత్తితో గంటు పెడితే నీళ్లు ధారగా చిమ్మాయి. కొండరెడ్లకి ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. అన్ని మద్ది చెట్లలోనూ నీళ్లుండవు, దప్పికేసిందని కనపడిన ప్రతి చెట్టుకీ గంటు పెట్టడం అడవికి ద్రోహం. వాగుల ఒడ్డున పెరిగే తెల్లమద్ది ఇంకో జాడ. నున్నటి తెల్లబెరడు తెల్లమద్దులు వరసగా కనిపిస్తే ఆ దిగువన ఇసుక తవ్వితే చెమ్మ తగలవచ్చు. ఊట నీళ్లు మడ్డిగా ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపే అలవాటు మన పల్లెల్లో ఉండేది. ఆ గింజలోని పదార్థాలు బురద రేణువుల్ని ఒకదానికొకటి అంటించి బరువెక్కించి కిందికి దింపుతాయి. నీళ్లు తేటపడతాయి. అయితే తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు, క్రిములు పోవాలంటే కాచుకోవలసిందే.

ముసలి చెట్ల తొర్రలు ఎండాకాలంలో చల్లగా, చెమ్మగా ఉంటాయి. వాటిని నమ్ముకుని బతికే ఒక అరుదైన ప్రాణి నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఉంది. నెమలి కంఠపు నీలం రంగులో మెరిసే సాలీడు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీన్ని గుత్తిలో దొరికిన నమూనా చూసి వర్ణించాడు. దాని శాస్త్రీయ నామం పోసిలోథీరియా మెటాలికా. గుత్తిలో మాత్రం మళ్లీ కనపడలేదు. మన అడవి కలపతో పాటు రైలెక్కి అక్కడికి చేరి ఉంటుందని శాస్త్రవేత్తల ఊహ. దాని అసలు ఇల్లు నల్లమలలో దొరికింది వందేళ్లు దాటాక, 2001లో. ఆ నీలం రంగుద్రవ్యం వల్ల వచ్చింది కాదు, వెంట్రుకల లోపలి అతి సూక్ష్మమైన పొరలు కాంతిలో నీలాన్ని మాత్రమే తిప్పికొట్టడం వల్ల వచ్చింది. అంతరించిపోయే ముప్పు అత్యంత ఎక్కువగా ఉన్న జీవుల జాబితాలో ఇప్పుడు దాని పేరుంది. తొర్ర చెట్టు కొడితే దాని ఇల్లు పోయినట్టే. ఎండిన మానే కదా అని వంటచెరకుకి నరకడం, చలిమంట వేయడం నాకు అందుకే సహించదు.

ఇక గైడు చెవులు. మధ్యాహ్నం పైన జంతువులన్నీ నీళ్ల దగ్గరికి చేరే వేళ. కొండముచ్చు చెట్టు చివర నుంచి చిరుతనో పెద్దపులినో చూస్తే దగ్గులాంటి పొడి అరుపు అరుస్తుంది. చుక్కల దుప్పి సన్నగా కూత పెడుతుంది. దుప్పి ఊరికే బెదిరి కూడా అరుస్తుంది. కణుజు మాత్రం అలా కాదు. అది గొంతెత్తి ఆగి ఆగి అరుస్తూనే ఉందంటే పక్కనే పులి జాతి జంతువు ఉన్నట్టే లెక్క. ఇన్ని అరుపుల్లో దేన్ని ఎంత నమ్మాలో తూచుకుని, అరుపు కదిలే దిక్కుని బట్టి పులి నడిచే దారి చెప్పడం పరీక్షకి నిలిచే జ్ఞానం. అటవీశాఖ చెంచుల్ని పులుల జాడ తీసేవాళ్లుగా పెట్టుకున్నది దీనికోసమే. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. వాళ్ల అడవి తెలివి అప్పటినుంచీ పుస్తకాలకెక్కుతూనే ఉంది. ఆ తెలివికి తగ్గ కూలి, తగ్గ గౌరవం మాత్రం ఇంకా అందలేదు. గైడుకి ఇచ్చే డబ్బు దగ్గర బేరమాడేవాళ్లు ఈ మాట ఆలోచించాలి.

మధ్యాహ్నానికల్లా పైనుండి దిగడం మొదలుపెట్టాలి. చీకటి పడేలోగా కింద ఉండాలన్నది ఒక కారణం, దిగేటప్పుడే చాలా దెబ్బలు తగులుతాయి కాబట్టి తీరిగ్గా దిగాలన్నది ఇంకో కారణం. దిగుడులో ఊపిరి ఆడుతుంది, చెమట తగ్గుతుంది, మనిషి ధైర్యంగా అంగలు వేస్తాడు. కానీ తొడ ముందు కండరం అప్పుడు వింత పని చేస్తుంటుంది. బిగుసుకుంటూనే సాగుతుంది. ప్రతి అడుగులోనూ ఒంటి బరువుని ఆపే బ్రేకు అదే. ఈ సాగుడులో కండరపు సన్నటి పోగులు అక్కడక్కడా తెగుతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. మర్నాడు, ఆ మరుసటి రోజు వాపు వచ్చి, మెట్లు దిగలేక గోడ పట్టుకోవలసి వస్తుంది. చేతికర్ర ఉంటే మోకాలి మీద భారం కొంత తగ్గుతుంది. అడుగులు చిన్నవిగా, మోకాలు కాస్త వంచి వేయాలి. నొప్పి మూడు నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది. మూత్రం ముదురు కాఫీ రంగులో వస్తే మాత్రం కండరం బాగా దెబ్బతిన్నట్టు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తెగిన పోగులు అతుక్కునేటప్పుడు ముందుకంటే గట్టిగా అతుక్కుంటాయి. ఒక్కసారి దిగుడు నొప్పి పడ్డ తొడకి కొన్ని వారాల దాకా అదే పనికి అంత నొప్పి రాదు. అందుకని జనవరిలో ఉగ్రస్తంభం వెళ్లాలనుకునేవాళ్లు డిసెంబరులో ఊరి పక్క ఏ చిన్న గుట్టనైనా రెండు మూడు సార్లు ఎక్కి, ముఖ్యంగా తీరిగ్గా దిగి రావాలి. సంచిలో నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకుని ఎక్కితే, ఎన్ని గంటలకి ఎన్ని లీటర్లు అయిపోతున్నాయో కూడా ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.